బీపీటీ మడిలో దొరికిన వెన్ను: మా నాయిన వరికి గుర్తింపు వస్తదా?

హుజూర్‌నగర్ రైతుబిడ్డ:
సాగర్ ఎడమకాల్వ కింద మాకు నాలుగెకరాలు. తొమ్మిదేండ్ల కింద బీపీటీ (సాంబ మసూరి) వరి మడిల ఒక్క దుబ్బు వారం ముందే ఈనింది. దుబ్బు అడుగున ఆకు తొడుగు ఊదారంగు. నాయిన ఆ వెన్నుల్ని తువ్వాలల కట్టి దూలానికి వేలాడదీసిండు. అమ్మ రెండుసార్లు పారేయబోయింది. ఇప్పుడు మూడూర్లోళ్లు ఆ విత్తనమే అడిగి కొనుక్కపోతున్నరు. మొన్న విత్తనాల కంపెనీ మనిషొకడు బాండు పేపర్ పట్టుకొచ్చిండు, నాయిన సంతకం పెట్టలే. ఎకరాకు ఎన్ని బస్తాలైనయో ఏటేటా రాసినం. నాయిన పేరు మీద ఈ రకాన్ని రిజిస్టర్ చేయించనీకి అది చాలా? ఇన్నేండ్ల నుంచి అమ్ముతున్నం, ‘కొత్తది’ కాదంటరా?

రిటైర్డ్ ఏఓ (వ్యవసాయాధికారి):
సంతకం పెట్టలేదు, బతికిపోయారు. 2001 నాటి మొక్కల వంగడాల చట్టంలో ‘కొత్త వంగడం’ కింద వేస్తే, దరఖాస్తుకు ఏడాది కంటే ముందు మన దేశంలో అమ్మి ఉండకూడదు. మీరు ‘రైతు వంగడం’ కింద వేయండి. ఆ షరతు ఉండదు, ఫీజూ ఉండదు.

బస్తాల లెక్క పక్కన పెట్టండి. అది విత్తన చట్టం కింద రకం విడుదలకు చూస్తారు. ఇక్కడ చూసేది వేరు: ఇప్పటికే తెలిసిన రకాలన్నిటితో కనీసం ఒక ముఖ్య లక్షణంలోనైనా తేడా ఉందా, మడంతా ఒకేలా ఉందా, మళ్లీ వేసినా అలాగే వస్తోందా. మీకు పనికొచ్చేది ఆ ఊదారంగు తొడుగు. ఈసారి పక్కనే బీపీటీ వేసి, రెండూ ఏ తేదీన ఈనాయో, గింజకు మీసముందో లేదో, వెయ్యి గింజలు ఎంత తూగాయో రాయండి.

కేళీలు, అంటే మడిలో కలిసిన వేరే రకం మొక్కలు, ఏరారా? నేనొకసారి ఒక రైతు తరఫున బస్తాలోంచి గింజలు తీసి పంపించా. పరీక్ష మడిలో మూడు ఎత్తుల పైరు లేచింది. ఏరించకుండా పంపిన తప్పు నాదే.

హుజూర్‌నగర్ రైతుబిడ్డ:
నాయిన మా ఊరి పేరే పెడదామంటుండు సార్. మరి రిజిస్టరైతే పక్కూరోళ్లు విత్తనం దాచుకోవద్దా?

సన్నాల సాగు:
ఊరి పేరుతో చిక్కే అన్నా. ఆ చట్టం సెక్షన్ 15లో ప్రాంతం పేరున్నా, ఒట్టి అంకెలే ఉన్నా అభ్యంతరం చెప్తరు. ఊరి పేరుకు రిజిస్ట్రార్ ఒప్పుకోవచ్చు గానీ, ఆ పంచాయితీ మనకెందుకు? మనం తినే హెచ్‌ఎంటీ బియ్యం చూడు: చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రగడే తన మడిలనే ఏరిన రకం. పేరు మాత్రం చేతి గడియారానిది!

పక్కూరోళ్లకు ఏం కాదు. సెక్షన్ 39 ప్రకారం రైతులు దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు వేసి సంచుల్ల అమ్మొద్దు, అంతే.

హుజూర్‌నగర్ రైతుబిడ్డ:
నాయినకు చదివి వినిపించిన. కేళీల కాడ మాత్రం సప్పుడు చేయలే. పోయినేడు కూలీలు దొరకక ఏరలేదంట. ఈ వానాకాలం నాలుగు గుంటలు విడిగా నాటి, ఒక్కొక్క దుబ్బూ చూసి ఏరినంకనే దరఖాస్తు వేస్తం.