నేర్పిన కుర్రాళ్లు విశాఖ వెళ్లిపోతున్నారు, బాండు రాయించుకోవచ్చా?

బొబ్బిలి లేత్:
బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో చిన్న మెషిన్ షాపు. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్‌లు మూడు, మనుషులు 34 మంది. ఐటీఐ టర్నర్ పాసైన కుర్రాళ్లని నెలకి 12,000కి తీసుకుని ఆరు నెలలు నేర్పిస్తాం. ఏడో నెల నుంచి 14,000. చెయ్యి తిరిగిందనుకునేసరికి విశాఖలో 18,000 ఇస్తున్నారని వెళ్లిపోతున్నారు. మనం నాటితే పక్కోళ్లు కోసుకున్నట్టుంది. రెండేళ్ల బాండు, మధ్యలో మానేస్తే లక్ష, ఒరిజినల్ సర్టిఫికెట్లు మా బీరువాలో. ఇది నడుస్తుందా? లేక జీతమే పెంచెయ్యాలా? ఏటంటారు?

లెక్కల పుస్తకం:
బాండు తర్వాత. ముందు ఒక్కో కుర్రాడికి నిజంగా ఎంత పడుతోందో కాగితం మీద పెట్టండి. ఆరు నెలల జీతం 72,000 మొత్తం ఖర్చు కాదు, అతను చేసిన పని విలువ అందులోంచి తీసెయ్యాలి. మెటీరియల్, కరెంటు పోగా ఆరు నెలల్లో ఆ పని వరసగా 0, 3, 6, 10, 13, 15 వేలు అనుకోండి. మొత్తం 47,000. జీతంలో మీకు పడ్డది 25,000. సీనియర్ ఆపరేటర్ మొదటి మూడు నెలలు రోజుకో గంట పక్కన నిలబడితే 78 గంటలు, గంటకి వంద చొప్పున 7,800. విరిగిన ఇన్సర్టులు (టూల్ కోసే మొనలు), స్క్రాప్ ఒక 9,000. వెరసి 41,800. పీఎఫ్, ఈఎస్ఐ వాటాలు మీరు కలుపుకోండి.

ఏడో నెల నుంచి అతని పని విలువ 20,000 అనుకుంటే, 14,000 జీతం మీద నెలకి 6,000 మిగులుతుంది. ఏడు నెలలుంటే అసలు వచ్చేస్తుంది. మూడు నెలలకే వెళ్లిపోతే 23,800 నష్టం. అదే 16,500 ఇస్తే మిగిలేది నెలకి 3,500, కానీ రెండేళ్లుంటే 84,000. ఖర్చు పోగా 42,200 లాభం.

విశాఖ 18,000తో సమానంగా ఇవ్వక్కర్లేదు. అక్కడ గది, మెస్సు కలిపి 3,500 పోతే చేతిలో మిగిలేది 14,500. ఇంటి దగ్గర తిని పడుకునేవాడికి 16,500 అంటే ఎక్కువే.

ఆర్థికవేత్త గారీ బెకర్ 1964లోనే ఒక విభజన చేశాడు. డ్రాయింగ్ చదవడం, మైక్రోమీటర్ పట్టడం, ప్రోగ్రామ్ రాయడం ఎక్కడైనా పనికొచ్చే విద్య. పోటీ ఉన్నచోట దాని ఖర్చు నేర్చుకునేవాడే తక్కువ జీతం రూపంలో భరిస్తాడు, యజమాని పెట్టడు. మీ ఫిక్చర్లు (పీసుని పట్టి ఉంచే బిగింపులు), మీ జాబ్ కార్డుల పద్ధతి మీ షాపులోనే పనికొస్తాయి కాబట్టి ఆ ఖర్చు ఇద్దరూ పంచుకుంటారు. మరి యజమానులు మొదటి రకం కూడా ఎందుకు నేర్పుతున్నారంటే, 1990ల చివర్లో ఆసిమొగ్లు, పిష్కే అనే ఆర్థికవేత్తలు చెప్పిన జవాబు: పనివాడు బయటికెళ్తే తన నైపుణ్యానికి పూర్తి విలువ చేతికి రాదు, ఆ తేడాలోంచి యజమానికి కొంత మిగులుతుంది. మీ విషయంలో ఆ తేడా గది అద్దె, మెస్సు బిల్లు.

కాంట్రాక్టు కాగితం:
సర్టిఫికెట్ల ఆలోచన మానెయ్యండి. బాండు గట్టిదైతే అవి అక్కర్లేదు, గట్టిది కాకపోతే అవి మీ బీరువాలో ఉండటమే మీ మీద ఫిర్యాదుకి పనికొస్తుంది.

బాండు రాసుకోవచ్చు. 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం, మానేశాక ఫలానా చోట చెయ్యకూడదనే షరతు చెల్లదు. కానీ ఇన్నాళ్లు పనిచెయ్యాలి, లేకపోతే ఇంత కట్టాలి అనేది వేరు. విజయా బ్యాంకు కేసులో మూడేళ్లు, రెండు లక్షల షరతుని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. అది చూసి లక్ష రాసెయ్యకండి. 74వ సెక్షన్ కింద రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. 41,800 ఖర్చుకి లక్ష నిలబడదు. ఖర్చుల పట్టిక బాండుకి జతచేసి, శిక్షణ అయ్యాక ప్రతి నెలా 3,480 చొప్పున తగ్గేలా రాయండి. పన్నెండు నెలల్లో దాదాపు సున్నా అవుతుంది.

అన్నట్టు, 34 మంది ఉంటే అప్రెంటిస్‌ల చట్టం (1961) మీకు ఐచ్ఛికం కాదు. 2019 నిబంధనల ప్రకారం 30 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం మందిని అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి. అంటే మీకు ఒకరి నుంచి ఐదుగురు. 2016లో మొదలైన నాప్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక) పథకం కింద స్టైపెండ్‌లో పావు వంతు, 1,500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. ఎక్కువమంది చేసే తప్పు: కుర్రాడు చేరిన రెండు నెలలకి అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో కాంట్రాక్టు ఎక్కించడం. చేరిన రోజే ఎక్కించండి.

చక్ కీ:
జీతం ఒకేసారి పెంచకండి, మెట్లు కట్టండి. ఆఫ్‌సెట్ తనంతట తాను (కొలత తేడా దిద్దడానికి మెషిన్‌లో కొట్టే అంకె) సరిచేస్తే 14,500. మొదటి పీసు కొలిచి తనే పాస్ చేస్తే 15,500. కొత్త జాబ్ సెట్టింగ్ ఒంటరిగా చేస్తే 16,500. మెట్లు గోడ మీద రాసి ఉండాలి, ఎప్పుడు పెంచుతారో తెలియకే సగంమంది వెళ్తారు.

స్క్రాప్ 9,000 కూడా తగ్గుతుంది. ఎక్కువ పోయేది ఎక్స్ ఆఫ్‌సెట్ దగ్గర. లేత్ మీద ఆ కొలత వ్యాసంలో ఉంటుంది. పీసు 0.10 మి.మీ. లావొస్తే మైనస్ 0.10 కొట్టాలి, కొత్తవాడు వ్యాసార్ధమనుకుని 0.05 కొడతాడు. అంతకంటే ప్రమాదం, 0.2కి బదులు 2.0 కొట్టడం. ఇన్సర్ట్ పోతుంది, ఒక్కోసారి టూల్ హోల్డరూ పోతుంది. ఆఫ్‌సెట్ కొట్టాక మొదటి పీసు సింగిల్ బ్లాక్‌లో (ప్రోగ్రామ్ ఒక్కో లైను ఆపి ఆపి), ర్యాపిడ్ (కోత లేనప్పుడు టూల్ కదిలే వేగం) తగ్గించి నడపాలని నియమం పెట్టండి.

నేర్పే ఖర్చు ఎవరి మీద పడుతుందన్న విషయంలో మీ షాపుని పలాస జీడి మిల్లులతో పోల్చుకోకండి. అక్కడ కిలో లెక్కన కూలి ఇచ్చేచోట నెమ్మదిగా చేసినందుకు నష్టం నేర్చుకునే మనిషిదే, గుండు పప్పు బద్దలైతే ధర తేడా యజమానిది. ఎవరిది ఎంతో రోజూ సాయంత్రం తూకంలో తేలిపోతుంది. మీది ఆరు నెలల తర్వాత గానీ తేలదు.

బొబ్బిలి లేత్:
మెట్ల పద్ధతి నచ్చింది. ఇప్పటికే నేర్చేసుకున్న నలుగురి చేత కూడా బాండు రాయించుకోవచ్చా?

కాంట్రాక్టు కాగితం:
వాళ్ల మీద కొత్తగా ఖర్చు పెట్టకపోతే నష్టం చూపించడం కష్టం. ప్రోగ్రామింగ్ కోర్సుకి పంపితే ఆ ఫీజు, ఆ రోజుల జీతం వరకు రాసుకోండి. మిగతాదానికి మెట్లే.