అప్‌డేట్: కొత్త గ్యాస్ గీజర్ మంట ఆరిపోయే సమస్య తేలింది

తిరుపతి ఎం.ఆర్.పల్లిలో మా పై అంతస్తు ఇంట్లో కొత్తగా పెట్టించిన గ్యాస్ గీజర్ కుళాయి తిప్పితే వెలుగుతోంది, షవర్ తిప్పితే టప్పున ఆరిపోతోంది అని అడిగాను కదా. ధనుర్మాసం మొదలయ్యేలోపే తేలింది, అమ్మ టెన్షన్ తీరింది.

బ్యాటరీలు మార్చమని ఎక్కువమంది చెప్పారు. మార్చాను, తేడా లేదు. స్పార్క్ ముందు నుంచీ బాగానే ఉంది. రెగ్యులేటర్ కూడా ఓకే.

అసలు సంగతి నీళ్ల దగ్గరుంది. ఈ గీజర్లో నీళ్ల ఒత్తిడికి లోపలి రబ్బరు డయాఫ్రమ్ (పల్చటి పొర) కదిలితేనే గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. ధార సన్నబడితే మూసుకుంటుంది. అంటే ఆరిపోవడం రిపేరు కాదు, దాని పని అది చేస్తోంది. ఇన్‌లెట్ నట్టు విప్పితే జాలీ నిండా ఇసుక, ప్లంబర్ చుట్టిన తెల్ల టేపు ముక్కలు! కడిగి పెట్టాక కొంత నయం, కానీ షవర్‌కి చాల్లేదు. 10 మీటర్ల ఎత్తుకు సుమారు 1 బార్ ఒత్తిడి వస్తుంది. మా ట్యాంకు షవర్ కంటే ఒకటిన్నర మీటరే పైన, ఇక ఎంతొస్తుంది? చిన్న ప్రెషర్ పంపు పెట్టించాం. ఇప్పుడు ఆరడం లేదు.

గీజర్‌ని బాత్రూమ్‌లోంచి తీసి వెనక బాల్కనీలో బిగించమన్న అన్నకి ప్రత్యేకంగా థ్యాంక్స్. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదని చెప్పగానే నాన్న మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. షాపువాళ్లు మాత్రం ఆ మాటే ఎత్తలేదు.