సాలార్‌జంగ్‌లో రెండు గంటలే ఉంటే ఏం చూడాలి, ఎలా చూడాలి?

మూసీగట్టు:
ఆదివారం సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలని అనుకుంటున్నాం. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ, పదేళ్ల పిల్లాడు కూడా వస్తున్నారు. రెండు గంటలకు మించి కుదరదు. ఏవి వదిలెయ్యాలి? ఇంకో సందేహం: బొమ్మ ముందు నిలబడి అసలు ఏం చూడాలి? ఫోటోలన్నీ ఫోన్లోనే దొరుకుతున్నప్పుడు అంత దూరం వెళితే అదనంగా దక్కేదేమిటి?

నిదానం:
వదిలెయ్యడం గురించి ముందు అడిగారు, మంచిదే. టికెట్, బ్యాగు, మెట్లు, మంచినీళ్లు పోగా చేతిలో మిగిలేది 90 నిమిషాలు. గ్యాలరీలు 38 దాకా ఉన్నాయి. అన్నీ తిరిగితే ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా రావు. అది చూడటం కాదు, దాటడం. నాలుగు గ్యాలరీలు ఎంచుకోండి, ఒక్కోదాంట్లో రెండు మూడు వస్తువులు చాలు.

అలుపు సంగతి. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే 'మ్యూజియం అలసట' మీద వ్యాసం రాశాడు. షోకేసులోని వస్తువు కోసం మనిషి ఎంత వంగాలో, మెడ ఎంత సాచాలో ఫోటోలతో సహా చూపించాడు. నడకతోపాటు ఈ వంగడం, ఒకేచోట నిలబడటం కూడా మోకాళ్లను తినేస్తాయి. కాబట్టి నొప్పి మొదలయ్యాక కాదు, 20 నిమిషాలకోసారి ముందే కూర్చోబెట్టండి. వీల్‌చైర్ ఉందేమో లోపలికి వెళ్లేముందే కౌంటర్లో అడగండి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో జనం ఒక్కో బొమ్మ ముందు ఎంతసేపు ఆగుతున్నారో లెక్కకట్టి 2001లో ప్రచురించారు. సగటు 27 సెకన్లు. సగం సందర్భాల్లో 17 సెకన్లలోపే కదిలిపోయారు. మీరు ఒక్క బొమ్మ ముందు మూడు నిమిషాలు ఆగి చూడండి. మొదటి నిమిషం బోరు కొడుతుంది, రెండో నిమిషంలో ఏదో ఒకటి కంట్లో పడుతుంది.

ఉలిదెబ్బ:
ముసుగు వేసుకున్న స్త్రీ పాలరాతి శిల్పం, రెబెక్కాని మాత్రం వదలొద్దండీ. ఇటలీ శిల్పి బెంజోని చెక్కినది, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. అందరూ 'అబ్బ, రాతిలో పల్చటి ముసుగు!' అని ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. అసలు అక్కడ పారదర్శకత ఏమీ లేదు, అంతా ఒకే రాయి. కన్ను ఎక్కడ మోసపోతోందో పట్టుకోవడంలోనే ఉంది మజా.

మొదట పదడుగుల దూరంలో నిలబడండి. ముఖం, ముసుగు రెండూ విడివిడిగా కనిపిస్తాయి. తర్వాత కంచె దాకా వెళ్లి ముక్కు దగ్గర చూడండి. బట్ట ఒంటికి తగిలేచోట, అంటే ముక్కు, నుదురు, పెదవుల మీద మడతలు దాదాపు మాయమవుతాయి. ఒంటిని వదిలి వేలాడేచోట లోతుగా మొదలవుతాయి. ముఖాన్ని కాస్త మెత్తబరిచి చెక్కి, దాని మీదుగా మడతగీతని తెగకుండా నడిపిస్తే గీత బట్టగా, కింది ఎత్తు ముక్కుగా మన బుర్రే విడదీసుకుంటుంది. తర్వాత కింది బట్ట చూడండి: మందపు గుడ్డకు మడతలు తక్కువ, వెడల్పు. పల్చటిదానికి ఎక్కువ, సన్నం. ఒకే రాతిలో రెండు రకాల గుడ్డలు.

ఎదురుగా ఒక్కచోటే నిలబడకుండా ఎడమకీ కుడికీ నాలుగడుగులు నడవండి, నీడలు కదులుతాయి. ఫ్లాష్ పడితే ఆ నీడలే చెరిగిపోతాయి. ఫోన్లో ముసుగు చప్పగా కనిపించేది అందుకే.

పాతబస్తీ పోరడు:
అన్నా, గంటగంటకు బొమ్మ బయటికొచ్చి దెబ్బలు కొట్టే పెద్ద గడియారం ఉంటది గదా, దాని కాడ 12కు పోకుండ్రి. గంటకు ఎన్నైతే అన్ని దెబ్బలు గదా, 12కు 12 కొడతడని అందరూ అప్పుడే జమైతరు. పిలగాడు పొట్టిగుంటే ముందటోళ్ల వీపులే కనబడతయ్. 11కు పోండ్రి, ఒక్క దెబ్బే తక్వ. 10 నిమిషాల ముందే బెంచీ పట్టుకోండ్రి, అమ్మ గూడ కూసుంటది. దెబ్బలు కొట్టేటోడు బయటికి రాకముందు సుత్తె పట్టుకున్న కమ్మరోన్ని చూపియ్యుండ్రి, వాడు సెకన్‌కొకటి కొడుతనే ఉంటడు. వాన్ని ఎవ్వలూ చూడరు. శుక్రవారం బంద్, మతిల ఉంచుకోండ్రి.

తుమ్మబంక:
రెబెక్కా, గడియారం అందరూ చెప్పేవే. దక్కనీ సూక్ష్మచిత్రాలకు (దక్కన్‌లో కాగితం మీద వేసిన చిన్న చిన్న బొమ్మలు) కనీసం 20 నిమిషాలు ఉంచుకోండి. అక్కడ లైటు తక్కువ. కాగితం, రంగులు వెలిసిపోకుండా ఇలాంటివాటికి మ్యూజియాల్లో వాడే వెలుతురు దాదాపు 50 లక్సులే. ఎండలోంచి నేరుగా వస్తే ఏమీ కనిపించక 'పాడైపోయాయి' అనుకుంటారు. ఐదు నిమిషాలు ఆగితే కళ్లు అలవాటు పడతాయి.

ఇవి గోడకు తగిలించడానికి వేసినవి కావు, చేతిలో పట్టుకుని చూడ్డానికి వేసినవి. అందుకే పుస్తకం చదివే దూరం, అంటే ఒక మూర, అదే వీటి సరైన దూరం. అద్దంలో మీ ముఖమే కనిపిస్తే చొక్కా రంగుని తప్పుపట్టండి: తెల్లచొక్కా బాగా ప్రతిఫలిస్తుంది, ముదురు రంగు వేసుకెళ్లండి.

ఇప్పుడు మోకాళ్లు కొంచెం వంచి, తల అటూ ఇటూ ఆడించండి. ఆకాశంలోనో, నగలలోనో పసుపు రంగనుకున్నది ఒక్కసారిగా మెరుస్తుంది. అది బంగారం. పొడిని బంకతో కలిపి పూసి, ఆరాక అకీకు రాయితో రుద్ది మెరుగు తెప్పిస్తారు. ఈ మెరుపు ఫోటోకి రాదు, ఎందుకంటే కెమెరా ఒక్క కోణంలోనే ఆగిపోతుంది. మీ రెండో సందేహానికి నా జవాబు ఇదే.

లేబుల్ మాత్రం చివర్లో చదవండి. ముందే చదివితే దానిలో రాసిందే వెతుక్కుంటారు.

ఉలిదెబ్బ:
@తుమ్మబంక, సగమే ఒప్పుకుంటా. దేనితో చేశారన్న ముక్క ముందే చదవాలి. చెక్కో, పాలరాయో, పోత లోహమో తెలియకపోతే చేతిపని ఎంత కష్టమో అంచనా ఎలా వేస్తారు?

మూసీగట్టు:
ధన్యవాదాలు. నల్లటి లోహం మీద వెండి పొదిగే బిద్రీ పని చూడాలని పెద్దావిడ కోరిక. అక్కడ ఏం గమనించాలి? ఫోటోలు తీయడం పూర్తిగా మానుకోవాలా?

నిదానం:
బిద్రీలో ముందు నలుపుని చూడండి. అది పెయింటు కాదు. జింకులో కొంచెం రాగి కలుపుతారు, సుమారు 16 పాళ్లకు ఒక పాలు. పోత పోసి నునుపు చేశాక మైలుతుత్తం రాసి పైపైన నల్లబరుస్తారు, చెక్కే గీత తెల్లగా కనబడాలని. గాడి చెక్కి వెండి తీగనో రేకునో దిగగొడతారు. చివర బీదర్ కోట మట్టిని నవాసారం అనే లవణంతో నీళ్లలో కలిపి, వేడిచేసిన వస్తువు మీద రుద్దుతారు. జింకు నల్లబడుతుంది, వెండి అలాగే ఉంటుంది.

షోకేసులో వెండి ఊడిపోయిన వస్తువు కనబడితే ముందు దాని దగ్గరే ఆగండి. ఖాళీ గాడిలో ఉలి దారి కనిపిస్తుంది. గాడి లోతు చాలకపోతే వెండికి పట్టు దొరకదు, లేచిపోతుంది. ఇంకోటి: మామూలుగా నల్లటి నేల మీద వెండి పువ్వు ఉంటుంది. దానికి తలకిందులుగా, వెండి రేకును కోసి దాని సందుల్లోంచి నల్లపువ్వు కనిపించేలా చేసేదాన్ని అఫ్తాబీ అంటారు. పిల్లాడిని 'అలాంటిది వెతుకు' అని పంపండి, షోకేసులన్నీ తనే చూసేస్తాడు.

ఫోటోల గురించి 2014లో లిండా హెంకెల్ అనే పరిశోధకురాలి ఫలితాలొచ్చాయి. వస్తువు మొత్తాన్ని ఫోటో తీసినవాళ్లకు, ఊరికే చూసినవాటికంటే ఆ వస్తువులు తక్కువ గుర్తున్నాయి. ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదు. కాబట్టి తీయండి, కానీ మొత్తం సురాహీ (పొడుగు మెడ కూజా) కాదు, ఆ ఊడిన గాడిని.

పాతబస్తీ పోరడు:
ఐతవారం మస్తు రష్ ఉంటది అన్నా, 10కే గేటు కాడ ఉండుండ్రి. ముందుగాల బిద్రీ చూసి, 11కు గడియారం కాడికి రాండ్రి.

మూసీగట్టు:
అలాగే. 10కి గేటు, బిద్రీ, 11కి గడియారం, తర్వాత రెబెక్కా, ఓపికుంటే సూక్ష్మచిత్రాలు. ముదురు చొక్కా తీసి పెట్టాను.