ఇంజనీరు సంతకం చేశాక కెప్టెన్ మళ్ళీ చూడమనడం అవమానమా?

ఎడమసీటు:
ట్రాన్సిట్ చెక్ (రెండు ప్రయాణాల మధ్య చేసే తనిఖీ) పూర్తిచేసి ఇంజనీరు టెక్ లాగ్‌లో (విమానం లోపాలు, మరమ్మతులు రాసే పుస్తకంలో) సంతకం చేసేశారు. ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి చూసే నా వాక్‌అరౌండ్‌లో కుడివైపు చక్రం దగ్గర బ్రేకు అరుగుదల చూపే పిన్ను బాగా పొట్టిగా కనిపించింది. మరోసారి చూడమన్నాను. టార్చి వేసి చూసి, "పరిమితిలోనే ఉంది" అని ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయారు. బయలుదేరడం కాస్త ఆలస్యమైంది. ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడరు. 180 మందిని ఎక్కించుకుని వెళ్ళేవాణ్ణి, అడిగే హక్కు నాకు లేదా?

హ్యాంగర్‌పిట్ట:
హక్కు ఎవరు కాదన్నారండీ? మీరు చూసినప్పుడు పార్కింగ్ బ్రేకు వేసి ఉందా, వదిలేసి ఉందా? వదిలేసి చూస్తే పిన్ను ఉన్నదానికంటే పొడవుగా కనిపిస్తుంది, ఆ కొలత లెక్కలోకి రాదు. వేసి చూస్తే పొట్టిగానే ఉంటుంది. పిన్ను కొస దాని చుట్టూ ఉన్న అంచుకు సమానమయ్యేదాకా బ్రేకు పనికొస్తుంది.

ఎడమసీటు:
వేసే ఉంది. ఆ మాత్రం నాకూ తెలుసు.

హ్యాంగర్‌పిట్ట:
తెలిస్తే ఎందుకు పిలిచారు?

కిటికీసీటు:
మీ ఇద్దరి మాటలు విన్నాక సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్ళి రైలు టికెట్ తీసుకోవాలనిపిస్తోంది.

ఎడమసీటు:
ఎందుకంటే 1990లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో ముందు అద్దం ఊడిపోయి కెప్టెన్ సగం శరీరం బయటికి వెళ్ళిపోయింది. 90 బోల్టుల్లో 84 సన్నవి, మిగతావి పొట్టివి. ముందురోజు తెల్లవారుజామున కంటితో పోల్చి బిగించింది అనుభవమున్న మనిషే. సంతకం ఆయనదే.

హ్యాంగర్‌పిట్ట:
ఆ రాత్రి మనుషులు చాలక షిఫ్టు మేనేజరే స్వయంగా పనికి దిగాడు. ఆ అద్దాన్ని రెండో మనిషి తనిఖీ చేయాలన్న నిబంధనే అప్పట్లో లేదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు. పోనీ, మీ వాక్‌అరౌండ్‌లో ఆ బోల్టుల మందం తెలిసేదా? 1985లో జపాన్ ఎయిర్‌లైన్స్ 123 కూలి 520 మంది చనిపోయారు. కారణం 1978లో వెనుక ప్రెషర్ బల్క్‌హెడ్‌కు (క్యాబిన్‌లోని గాలి ఒత్తిడిని ఆపే గోడకు) చేసిన తప్పుడు మరమ్మతు. ఆ ఏడేళ్ళలో ఆ విమానం చుట్టూ ఎందరు పైలట్లు తిరగలేదు? మీరు ఎక్కేది మా ఇంజనీర్ల మాట మీదే. దానికి మళ్ళీ టార్చి పట్టుకుని పరీక్ష పెట్టడం ఎందుకు?

ఎడమసీటు:
అంటే కళ్ళు మూసుకుని ఎక్కమంటారా!

కుడిసీటు_ఏటీఆర్:
కెప్టెన్ గారూ, కోపగించుకోకండి. స్నాగ్ (లోపం) ఉన్నా ఆ రోజు ఆఖరి సెక్టారు (ప్రయాణం) దాకా లాగ్‌లో రాయకుండా, బేసుకు చేరాక ఇంజనీరు చెవిలో ఊదే కెప్టెన్లతో కో-పైలట్‌గా నేనే ఎగిరాను. నమ్మకం రెండువైపులా ఉండాలి కదా.

హ్యాంగర్‌పిట్ట:
బాగా చెప్పారు. నేను సంతకం పెట్టిన చోట నా లైసెన్సు నంబరు ఉంటుంది. ఏదైనా జరిగితే విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వాళ్ళు ముందు తెరిచేది ఆ పేజీనే. నోటితో చెప్పిన స్నాగ్‌కు పేజీ ఎక్కడుంది? కెప్టెన్ గారూ, సూటిగా అడుగుతున్నాను. ఆ ఆలస్యాన్ని, కారణం చూపే కోడ్‌లలో దేని కింద వేశారు?

ఎడమసీటు:
అది డిస్పాచ్ వాళ్ళ పని.

హ్యాంగర్‌పిట్ట:
41 వేసి ఉంటారు. 41 అంటే విమానంలో లోపం. లోపమే లేదని తేలాక 41 ఏమిటి? కాక్‌పిట్ సిబ్బంది ప్రత్యేకంగా కోరితే వేయడానికి 65 ఉంది. అది మాత్రం ఎవరికీ గుర్తురాదు. నెలాఖరు సమావేశంలో ఆ 41లన్నీ మా షిఫ్టు పేరు మీద తెర మీదికి వస్తాయి. నన్నూ ఒకసారి ఇలాంటి 41కే నిలబెట్టి అడిగారు. పిన్ను చూడమన్నందుకు కాదు ఆయన ముఖం మాడ్చుకున్నది.

ఎడమసీటు:
65 వేయించుకున్న నా మిత్రుణ్ణి ఆఫీసుకు పిలిపించి, "ఇంజనీరు బాగుందన్నాక మీకెందుకు అనుమానం?" అని సంజాయిషీ రాయించారు. ఆయన ఇప్పుడు చూసీచూడనట్టు ఎక్కేస్తున్నారు. నేనూ అలాగే ఎక్కాలా?

కుడిసీటు_ఏటీఆర్:
అయితే ఈ గొడవ మీ ఇద్దరి మధ్యది కాదు కదా.

హ్యాంగర్‌పిట్ట:
మా మధ్యదే. ఆఫీసు భయానికి ఆలస్యాన్ని మా మీదికి తోసింది ఆఫీసు ఒక్కటే కాదు.

ఎడమసీటు:
సరే. ఇకపై మళ్ళీ చూడమని అడిగితే లాగ్‌లో నా పేరుతో రాస్తాను. 65 వేయించుకోవడం మాత్రం నా వల్ల కాదు.

హ్యాంగర్‌పిట్ట:
ముందు రాయండి. రాశాకే నిచ్చెన దిగి వస్తాను.