సమస్య: "నూనెఁ గలిపి త్రాగ నూపిరాడె"

పల్నాడు సభ్యుడు (సమస్య ఇచ్చినవారు):

ఈ వారం పాదం నాది. ఆటవెలదిలో నాలుగో పాదంగా పూరించండి.

నూనెఁ గలిపి త్రాగ నూపిరాడె

నూనె కలిపి తాగితే మనిషికి ఊపిరాడదు. మరి ఎవరికి ఆడుతుంది? ఈ పాదం నాకెక్కడ దొరికిందో ముందే చెప్పేస్తాను. మా మిరప చేలో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయరు ఇంజను పట్టేసింది. జీవితంలో మొదటిసారి టూ స్ట్రోక్ ఇంజను నేనే విప్పి, కొత్త పిస్టన్, రింగులు వేసి బిగించాను. వసారాలో పాత పంచె పరిచి, విప్పిన వరుసలోనే సామాను పేర్చుకున్నాను. పిస్టన్ తలమీది బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉండాలని తెలుసు గనుక అది తప్పలేదు. పిస్టన్‌ను కాడకు కలిపే గజన్ పిన్నుకు అడ్డం పెట్టే సర్‌క్లిప్పు, అదే ఆ చిన్న తీగ కొక్కెం, మాత్రం పటకారు నుంచి జారి టింగుమని ఎగిరింది. పిస్టన్ కింద ఉండే క్రాంకు చాంబరు నోట్లో ముందే గుడ్డ కుక్కి ఉంచాను కాబట్టి సరిపోయింది, లేకుంటే నేరుగా లోపలికే. రెండో రోజు సాయంత్రం తాడు లాగితే దగ్గి, దగ్గి, అందుకుంది. ఆ క్షణాన నోటికి వచ్చిన పాదమిది.

కొత్త సభ్యుడు:

నమస్కారమండి. ఒక సందేహం. "గలిపి" తర్వాత "త్రా" ఉంది కదా, "పి" గురువైపోదా?

మాస్టారు:

కాదు నాయనా. రెండూ విడివిడి తెలుగు మాటలు. సంస్కృత సమాసంలోనైతే ముందు అక్షరం మీద ఊనిక పడి గురువవుతుంది, ఇక్కడ "గలిపి" మూడు లఘువులే.  నిశ్చింతగా రాయండి.

కొత్త సభ్యుడు:

మందు కొట్టు మరకు మా తాత పోసెను
కొలత గిన్నెతోడఁ గొంచెముగను
దగ్గి దగ్గి లేచి దాహమ్ము తీరఁగా
నూనెఁ గలిపి త్రాగ నూపిరాడె

మాస్టారు:

మొదటి పూరణే ఇంత నడకతో రావడం సంతోషం. మూడో పాదం నాకు బాగా నచ్చింది. "దగ్గి దగ్గి" అనగానే ఇంజను చెవిలో వినిపిస్తుంది, దగ్గేవాడికి దాహం తీరడం అనే వరుస కూడా సహజం. లోపం పై రెండు పాదాల్లో ఉంది. తాత ఏం పోశాడు? పెట్రోలు మాటే రాలేదు. దేనిలో నూనె కలిసిందో చెప్పకపోతే సమస్య విడినట్టు కాదు.

పల్నాడు సభ్యుడు:

కొలత గిన్నె మాట మాత్రం తీసేయకండి తమ్ముడూ. మా స్ప్రేయరు మీద 25:1 అని రాసి ఉంది, అంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు వాడే నూనె). మా ఇంట్లో ఏళ్ల తరబడి సీసా మూతతో ఉజ్జాయింపుగా పోశారు. పట్టేసిన పిస్టన్ బయటికి తీస్తే సైలెన్సరు వైపు నిలువునా గీతలు, వేలికి గరుకుగా తగిలాయి. కొంచెమంటే ఎంతో కొలిచి పోసేవాడే ఆ ఇంజన్ని కాపాడతాడు.

ఖమ్మం సభ్యుడు:

నేను దీపం మీద అల్లాను, వత్తికి ఊపిరాడినట్టు.

మాస్టారు:

దీపం నూనె తాగుతుంది, నిజమే. కానీ దేనితో "కలిపి"? ఆ ఒక్క మాట దగ్గర పద్యం ఆగిపోతుందండి.

సిద్దిపేట సభ్యురాలు:

వాల్వు తెఱచి మూసి వాయువు లాగుచు
క్రిందు గదిని నింపి గెంటి పైకి
చుట్టు కొకటి పేలు చోద్యమౌ మరకును
నూనెఁ గలిపి త్రాగ నూపిరాడె

మాస్టారు:

ఛందస్సులో వంక లేదమ్మా. "క్రిందు, గెంటి" యతి హాయిగా పడింది. యంత్రం సంగతి పల్నాడు వారు చెప్పాలి.

పల్నాడు సభ్యుడు:

అక్కా, రెండు, మూడు పాదాలు చదివి లేచి నిలబడ్డాను. ఈ ఇంజనులో గుట్టంతా ఆ కింది గదే. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం క్రాంకు చాంబరులోకి వస్తుంది, దిగేటప్పుడు ఒత్తిడికి పక్కదారుల్లోంచి పైకి ఎగబాకుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకొకసారి పేలితే ఇందులో చుట్టుకొకసారి. అడుగున వేరే నూనె తొట్టి ఉండదు, అందుకే బేరింగులకు కావలసిన నూనె పెట్రోలుతో కలిసే రావాలి. సమస్యకు అసలు జవాబు మీ రెండో పాదంలో ఉంది.

కానీ మొదటి పాదంలో వాల్వు తెరిచి మూసే పని నేను విప్పిన ఇంజనులో లేదు. సిలిండరు గోడలో కంతలు ఉంటాయి, పిస్టనే పైకీ కిందికీ పోతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. రీడ్ (ఒకవైపే తెరుచుకునే పలుచని రేకు) పెట్టిన రకాలు ఉన్నాయి గానీ వాటిదీ తలమీద తెరిచి మూసే వాల్వు పద్ధతి కాదు.

ఆ కింది గది నన్నూ ఏడిపించింది. మొదట లేచాక యాక్సిలేటరు ముట్టకుండానే స్పీడు దానంతటదే పెరిగిపోయింది. వెంటనే ఆపేశాను. సబ్బు నురగ రాసి తాడు మెల్లగా లాగితే బ్యారెల్ (సిలిండరు) అడుగు ప్యాకింగు మూలన బుడగలు వచ్చాయి. పాత ప్యాకింగే మళ్లీ వేశాను, మూల చిరిగి ఉంది. అక్కడ దొంగగాలి దూరితే మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కుతుంది, మళ్లీ పట్టేస్తుంది. కొత్త ప్యాకింగు వేశాకే కుదుటపడింది.

సిద్దిపేట సభ్యురాలు:

మంచిగ చెప్పినవ్ తమ్మీ. మొదటి పాదం ఇట్ల మార్చిన:

వాల్వు లేని గొంతు వాయువు లాగుచు

మాస్టారు:

"వాల్వు లేని గొంతు"! తప్పు దిద్దబోతే పద్యమే పెరిగింది. నాలుగో పాదంలోని తాగడానికి మొదటి పాదంలోనే గొంతు వచ్చింది. ఈ వారం నా ఓటు దీనికే.

ఏలూరు సభ్యుడు:

మా నాన్నగారి లూనా గుర్తొచ్చింది. 1972లో వచ్చిన ఆ 50 సీసీ బండికి బంకులో పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా కొలిచి పోయించేవారు. మా వంతు పూరణ రేపు.

పల్నాడు సభ్యుడు:

నా సొంత పూరణ ఇదిగో. తప్పులుంటే దాచకండి.

పిన్ను నడుమ నుంచి పిస్టను రింగును
గోటితోడ నొక్కి మెల్ల దింప
మొండిమరకుఁ దాడు ముమ్మారు లాగఁగా
నూనెఁ గలిపి త్రాగ నూపిరాడె

మాస్టారు:

రెండో పాదంలో యతి తప్పింది. "గో"కు "మె" చెల్లదు. "కూర్చి దింప" అంటే సరిపోతుంది. "పిన్ను నడుమ" అంటే ఏమిటో కాస్త వివరించండి, నాకు అందలేదు.

పల్నాడు సభ్యుడు:

రింగు కూర్చునే గాడిలో సన్నటి పిన్ను ఒకటి ఉంటుంది మాస్టారూ, బియ్యపు నూక అంత. రింగు రెండు కొసలూ దానికి అటొకటి ఇటొకటి ఉండాలి. లేకపోతే రింగు గాడిలో తిరిగి, కొస వెళ్లి గోడ కంతలో తగులుకుని విరుగుతుంది. ఆ కొసలు సర్దడానికే నాకు అరగంట పట్టింది. రెండు బొటనవేలి గోళ్లతో రింగును నొక్కిపట్టి, పైనుంచి బ్యారెల్ తిన్నగా దింపాలి. దింపేటప్పుడు ఏ పక్కకూ తిప్పకూడదు.

మీ సవరణ యతికి సరిపోయింది. నాకు కావలసింది ఆ తిప్పకపోవడం, కూర్చోబెట్టడం. అందుకని ఇలా మార్చాను, చెల్లుతుందా?

గోటితోడ నొక్కి కుదుర దింప

మాస్టారు:

చెల్లుతుంది. "గో, కు" యతి మైత్రి ఉంది, "కుదుర" నగణం (మూడు లఘువులు). నా మాటకన్నా మీ మాటే పనికి దగ్గరగా ఉంది, అదే ఉంచండి.