అప్‌డేట్: పాత 50ఎంఎం లెన్స్ సంగతి తేలింది

నా నికాన్ డి5600 కెమెరాకి మామయ్య ఇచ్చిన పాత ఏఎఫ్ 50ఎంఎం ఎఫ్/1.8డి లెన్స్ తగిలిస్తే ఫోకస్ అవ్వట్లేదని, 'ఎఫ్‌ఈఈ' అని ఎర్రర్ వస్తోందని అడిగాను కదా. లెన్స్ మీది అపర్చర్ రింగును (లోపలికి వచ్చే వెలుతురును పెంచే, తగ్గించే రింగు) 22 దాకా తిప్పి, పక్కనున్న చిన్న లాక్ జరపగానే ఎర్రర్ పోయింది. మీటరింగ్ (కెమెరా వెలుతురును కొలవడం) కూడా బాగా వస్తోంది.

ఆటోఫోకస్ మాత్రం రాదు. ఫోకస్ తిప్పే మోటార్ ఈ లెన్స్‌లోనూ లేదు, డి5600 బాడీలోనూ లేదు. నికాన్‌దే ఇంకో మోడల్ డి7500 బాడీలో అయితే ఉంటుంది. అందుకని ఫోకస్ రింగును చేత్తోనే తిప్పుతూ, వ్యూఫైండర్ అడుగున ఫోకస్ కుదిరిందని చెప్పే పచ్చ చుక్క నిలకడగా వెలిగాక క్లిక్ చేస్తున్నాను. నిన్న తీసిన ఫొటోలో పాప కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి! అపర్చర్ పూర్తిగా తెరిచి ఎఫ్/1.8లో తీస్తే తను కాస్త కదిలినా ఫోకస్ జారిపోతోంది, కాస్త మూసి ఎఫ్/2.8 పెడితే నయం.

అమ్మేద్దామనుకున్న లెన్స్ ఇది. ఇక అమ్మను. రింగు సంగతి చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్ అండీ.