డబుల్‌లో ఆక్సర్ వెనక దుంగే పడుతోంది: దూరం తప్పా, నేల తప్పా?

కాజీపేట దగ్గర చలక నేల, షో జంపింగ్ (గుర్రంతో అడ్డంకులు ఎగిరి దాటే ఆట) సాధన కోసం మీటరు ఎత్తు కోర్సు. గుర్రాల పని తెలిసినవాళ్లు జర చెప్పండి.

డబుల్‌లో (వెంటవెంటనే దాటే రెండు అడ్డంకుల జత) మొదటిది నిలువు అడ్డంకి, రెండోది ఆక్సర్ (ముందొకటి, వెనకొకటి దుంగలున్న వెడల్పు అడ్డంకి): ముందు దుంగ 95 సెం.మీ., వెనకది మీటరు, వెడల్పు 1.10 మీ. నడుమ 7.30 మీటర్లు, ఒకే అంగ. దిగడానికి 1.8, అంగకు 3.6, ఎగరడానికి 1.8 లెక్కేస్తే 7.20 అవుతుంది, కాబట్టి కాగితం మీద సరిపోవాలె. మొదటిది గుర్రం శుభ్రంగా దాటుతుంది. ఆక్సర్‌లో మాత్రం ప్రతిసారీ వెనక కాళ్లకు వెనక దుంగే తగులుతుంది. ముందు దుంగ పడితే మరీ దగ్గరికొచ్చి ఎగిరిందనొచ్చు. ఇది దూరం నుంచి ఎగిరినట్టుంది. ఎండకు నేల బండలా గట్టిపడ్డది, అందుకే అంగ కురచయిందా?

దూరం 7.10కి తగ్గించాలా, లేక పైన 5 సెం.మీ. ఇసుక కలిపి దున్నించాలా? రెండూ ఒకేసారి మారిస్తే కారణం తెలియదు, ముందు ఏది?

ఇంకోటి. దుంగలు నీలగిరివి, 3.5 మీ. పొడవు, 10 సెం.మీ. మందం. దుంగ కొసలు ఆనే కప్పులు వెల్డింగ్ దుకాణంలో చేయించినయ్, లోతుగా ఉన్నయ్, దుంగ ఇరుక్కుంటే గుర్రం బోర్లా పడే ప్రమాదం. అంతర్జాతీయ నియమాల్లో ఆక్సర్ వెనక దుంగకు సేఫ్టీ కప్పులు తప్పనిసరి. బరువు పడగానే ఊడే కప్పు ఇక్కడే చేయించొచ్చా, కొనాల్సిందేనా?

దుంగ పడితే 4 పెనాల్టీలు. పారిస్ 2024 ఒలింపిక్స్ వ్యక్తిగత జంప్-ఆఫ్‌లో (సమానంగా నిలిచినవాళ్ల మధ్య తేల్చే రౌండు) ముగ్గురుంటే, ఏదీ పడకుండా దాటిన జర్మనీ రైడర్ క్రిస్టియన్ కుకుక్‌కే స్వర్ణం.